లెక్క రాశాకే లేవాలి

పొదుపు సంఘం సమావేశానికి ఒక నియమం ఉంది. ఆ రోజు వచ్చిన డబ్బూ పోయిన డబ్బూ అందరి ముందే పుస్తకంలోకి ఎక్కాలి. రాసింది పైకి చదవాలి. విన్నవాళ్లు సంతకమో వేలిముద్రో వేయాలి. అప్పటిదాకా ఎవరూ లేవకూడదు. పొయ్యి మీద పాలున్నాయన్నా, బర్రె ఈనేట్టుందన్నా కూర్చోవాల్సిందే. ఇంటికి పోయి తీరిగ్గా రాసుకునే లెక్క ఒకటి, పన్నెండు మంది చూస్తుండగా రాసే లెక్క మరొకటి. మొదటిదాంట్లో కొట్టివేతలుంటే ఎవరికీ తెలియదు. రెండోదాంట్లో ఒక్క అంకె తప్పినా, "ఏం మే, నేను ముప్పై కట్టినాను గదా, ఇరవై అని చదవతాండావే" అని వెంటనే ఒక గొంతు లేస్తుంది.

పల్లెల అభివృద్ధికి ప్రభుత్వాలు చేసిన పనుల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా కోట్లు లెక్కపెడతాం, పథకాల పేర్లు చదువుతాం, శిలాఫలకాలు చూస్తాం. పనితనం చూడం. ఒక తలుపును మెచ్చుకోవాలంటే కొయ్యతో పాటు బందు ఎలా కూర్చారో, గడియ ఎక్కడ పడుతుందో కూడా చూస్తాం గదా. పొదుపు సంఘాన్ని అలా చూడాలని నాకెప్పటినుంచో కోరిక. చూడ్డానికి సత్యవేడు వైపు పల్లెలకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఎందుకంటే అది మూలనున్న ఊరు. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రం చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయి, పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల తెలుగు ఊళ్లు ఇటొచ్చి సత్యవేడు తాలూకా అయింది. చిత్తూరు జిల్లాలో అరవై ఏళ్లకు పైగా ఉండి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. సత్యవేడు దాటితే ఊత్తుకోట, అక్కడినుంచి అరవదేశం. కండలేరు నుంచి పూండికి పోయే కాలువ ఈ పొలాల పక్కనుంచే మద్రాసుకు నీళ్లు మోసుకుపోతుంది. ఇక 2008లో వచ్చిన శ్రీసిటీ సంగతి అందరికీ తెలిసిందే. వరదయ్యపాళెం, సత్యవేడు మండలాల మెట్ట భూముల్లో కార్లు, చాక్లెట్లు, సెల్‌ఫోన్లు, ఏసీలు తయారవుతున్నాయి. అభివృద్ధి అంటే ఇక్కడ కంటికి కనిపించేది అదే. దాని ఫొటోలు పేపర్లో పడతాయి. సంఘం పుస్తకం ఫొటో ఎవరూ తీయరు.

ఈ మూలకు మరో విశేషం ఉంది. స్త్రీల పొదుపు సంఘం అనే పరికరాన్ని మూడు వేర్వేరు చోట్ల తయారుచేశారు. ఆ మూడూ చిత్తూరు జిల్లాకు ఇరుగుపొరుగే. పడమట కర్ణాటకలో మైరాడ అనే స్వచ్ఛంద సంస్థ 1980ల మధ్యలోనే చిన్న చిన్న సంఘాలకు తమ డబ్బు తామే తిప్పుకోవడం నేర్పింది. 1987లో నాబార్డు ఆ ప్రయోగానికి పది లక్షల రూపాయలిచ్చింది. దక్షిణాన తమిళనాడు ధర్మపురి జిల్లాలో 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో మహిళా సంఘాలు మొదలయ్యాయి. ఉత్తరాన నెల్లూరు.

నెల్లూరు కథ మన వాళ్లకు కొత్త కాదు గానీ, పనితనం దృష్టితో చూస్తే అందులో ఒక చిన్న వస్తువు పెద్దగా కనిపిస్తుంది. అది వాచకం. 1990-91లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్లకిచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా తాగే మొగుడి వల్ల నాశనమైన ఇంటి కథ. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వర్ధినేని రోశమ్మ పేరు ఊరూరా మోగింది. ఇంతవరకూ ఉద్యమం. సారా పోయాక మిగిలిన డబ్బు ఏమవ్వాలి అన్న ప్రశ్నకు జిల్లా యంత్రాంగం చెప్పిన జవాబు అసలు పనితనం: రోజుకో రూపాయి పక్కన పెట్టండి. 'పొదుపులక్ష్మి' అని దానికి పేరు. అక్షరం నేర్చిన చేతికి వెంటనే ఒక లెక్క పుస్తకం దొరికింది. ఈ రెండూ వెంటవెంటనే జరగకపోయి ఉంటే, రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు చాలాచోట్ల మాదిరే రెండేళ్లలో మరుపున పడేవేమో.

అంతకుముందు ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకాలు మొదలైనప్పటినుంచీ పల్లెకు ఏదో ఒకటి పంపుతూనే ఉంది: గ్రామసేవకుడిని, విత్తనాన్ని, బావికి అప్పును. 1980 తర్వాత సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం పేదకు నేరుగా బర్రెనో గొర్రెనో ఇచ్చింది. కొంత సబ్సిడీ, మిగతాది అప్పు. అది ఎలా నడిచిందో ఆ కాలం చూసినవాళ్లు నవ్వుతూ చెబుతారు. సంతలో ఒకే బర్రె నలుగురి పేర్ల మీద అమ్ముడుపోయేదని, ఫొటో దిగి మళ్లీ పాత కొట్టానికే పోయేదని. నవ్వు సరే. ఆ పథకంలో తప్పు ఎక్కడుందంటే, అప్పు తీసుకున్నవాడికీ అప్పిచ్చిన బ్యాంకుకీ మధ్య వాడిని ఎరిగిన మనిషి లేడు. ఉన్నది దళారీ ఒక్కడే. 1982లో యునిసెఫ్ సాయంతో వచ్చిన డ్వాక్రా ఆ ఖాళీలో ఆడవాళ్ల గుంపును పెట్టింది. మొదట్లో దానికీ సబ్సిడీ వాసనే వచ్చింది. ముందు డబ్బు, తర్వాత సంఘం. నెల్లూరు తర్వాతే వరస తిరగబడింది. ముందు పొదుపు, తర్వాత సొంత డబ్బుతో అప్పులు, ఆ తర్వాతే బ్యాంకు.

ఈ వరసే మొత్తం కట్టడానికి పునాది. దాన్ని జాగ్రత్తగా చూద్దాం.

సంఘంలో ఎంతమంది ఉండాలి? పదిమందికి తగ్గకూడదు, ఇరవై దాటకూడదు. మన పల్లెల్లో పది నుంచి పదిహేను మందే ఎక్కువ. ఈ ఇరవై ఎక్కడిదో తెలిస్తే ముచ్చటేస్తుంది. 1956 కంపెనీల చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం లాభం కోసం ఇరవై మందికన్నా ఎక్కువమంది కలిసి వ్యాపారం చేస్తే రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి ఉండేది. ఇరవై లోపలుంటే అక్కర్లేకపోయేది. అంటే కాగితాలూ ఫీజులూ రిజిస్ట్రారూ లేకుండా, ఒక అరుగు మీద కూర్చుని ఒక తీర్మానం రాసుకుంటే చాలు, సంఘం పుట్టినట్టే. అలా పుట్టిన, ఏ రిజిస్టరులోనూ పేరులేని సంఘానికి బ్యాంకులో ఖాతా ఎలా తెరుస్తారు? 1991లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు దారి చూపింది, 1992 ఫిబ్రవరిలో నాబార్డు అయిదు వందల సంఘాలతో ప్రయోగానికి నియమాలు రాసింది. రిజిస్ట్రేషన్ లేని పేద ఆడవాళ్ల గుంపు తన పేరు మీదే ఖాతా తెరిచి, తాకట్టు లేకుండా అప్పు తీసుకోవచ్చునని బ్యాంకింగ్ వ్యవస్థ చేత ఒప్పించడం మామూలు పని కాదు. చట్టం పెట్టిన హద్దును గోడలా చూడకుండా, దాని లోపల ఇల్లు కట్టారు. ఆ నియమాలు రాసిన గుమాస్తాలకు నేను మనసులో దండం పెట్టుకుంటాను.

చట్టం అడ్డం రాకపోయినా ఇరవై దాటితే సంఘం నడవదు. పన్నెండు మందైతే ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఎవరి మొగుడు తాగుతాడో, ఎవరి కూతురు కాన్పుకు వచ్చిందో, ఎవరి బావిలో నీళ్లడుగంటాయో తెలుసు. బ్యాంకు మేనేజరు పది కాగితాలు అడిగినా తెలుసుకోలేని సంగతి ఇది. ముప్పై మందైతే ఈ తెలియడం పోయి పుకార్లు మిగులుతాయి.

తర్వాత కూర్చునే తీరు. వలయంగా కూర్చోవాలి. లీడర్లకు కుర్చీ లేదు, చాప మీదే. అధికారి వచ్చినా చాపే. ఇది మర్యాద కోసమని చాలామంది అనుకుంటారు. కానీ దీంట్లో ఒక పనిముంది. డబ్బు మధ్యలో పెట్టి లెక్కించేటప్పుడు ప్రతి కన్నూ దాన్ని చూడాలి. వరసల్లో కూర్చుంటే వెనక వరస ముందు వరస వీపులు చూస్తుంది.

ఇప్పుడు లెక్క. రోజుకో రూపాయి, నెలకు ముప్పై. పన్నెండు మందికి నెలకు 360 రూపాయలు, ఏడాదికి 4,320. మొదటి రోజుల్లో సంఘాలు ఇంతే. ఈ డబ్బు బ్యాంకులో పెట్టి ఊరుకుంటే ఏమీ కాదు, తిరగాలి. తిప్పడాన్నే అంతర్గత అప్పు అంటారు. ఒకామె వేరుశనగ విత్తనానికి 1,500 అడిగిందనుకుందాం. పది కంతులు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలకు 150 అసలు కట్టాలి. వడ్డీ మాత్రం మిగిలిన అసలు మీదే. మొదటి నెల 30, రెండో నెల 27, మూడో నెల 24, అలా తగ్గుతూ పదో నెలకు 3. అన్నీ కలిపితే 165. అదే ఊళ్లో అయిదు రూపాయల వడ్డీకిచ్చే ఆసామి దగ్గర తీసుకుంటే నెలకు 75, పది నెలలకు 750. ఇంకా అసలు 1,500 అలాగే ఉంటుంది, పంటొచ్చినప్పుడు ఒక్కసారిగా కట్టమంటాడు.

రెండు రూపాయల వడ్డీ తక్కువేమీ కాదు, ఏడాదికి 24 శాతం. పేదవాళ్ల దగ్గర పేదవాళ్లే ఇంత వడ్డీ తీసుకోవడమేమిటని చదువుకున్నవాళ్లు అడిగేవారు. ఆ 165 ఎక్కడికి పోతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. సంఘం పెట్టెలోకే. పన్నెండు మందికీ అందులో వాటా ఉంది, కట్టినామెకూ ఉంది. ఆసామికి కట్టిన 750 మాత్రం మేడ కట్టడానికి పోయింది. మూడు నాలుగేళ్లు తిప్పితే పొదుపుకన్నా వడ్డీ వల్ల పెరిగిన నిధి పెద్దదిగా కనబడే సంఘాలుండేవి. మిగిలిన అసలు మీదే వడ్డీ వేయడం బ్యాంకులో మామూలు సంగతే. పల్లెలో కాదు. ఆ లెక్క వేయడం నేర్చిన ఆడది ఆ తర్వాత ఏ ఫైనాన్స్ వాడు వచ్చి 'వడ్డీ తక్కువేనమ్మా' అన్నా కాగితం తిప్పి చూస్తుంది.

పుస్తకాలు కొన్నున్నాయి. హాజరూ తీర్మానాలూ ఒకటి, నగదు పుస్తకం ఒకటి, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, ప్రతి సభ్యురాలికీ చిన్న పాస్‌బుక్కు. ఇన్నెందుకని అనిపిస్తుంది. చూడండి: ఒకామె కట్టిన ముప్పై రూపాయలు నగదు పుస్తకంలో ఒకసారి, పొదుపు లెడ్జరులో ఆమె పేజీలో ఒకసారి, ఆమె చేతిలో ఉన్న పాస్‌బుక్కులో ఒకసారి రాస్తారు. మూడు చోట్లా ఒకటే అంకె ఉండాలి. ఎవరైనా ఒకచోట మారిస్తే మిగతా రెండూ పట్టిస్తాయి, అందులో ఒకటి ఆమె ఇంట్లో గూట్లో ఉంటుంది. దొంగతనం చేయాలంటే పన్నెండు ఇళ్లకు పోయి పన్నెండు గూళ్లు తెరవాలి. ఆడిటర్ ఏడాదికొకసారి చేసే పని ఇక్కడ ప్రతి సమావేశంలోనూ జరిగిపోతుంది.

ఈ పుస్తకాలు రాసే అమ్మాయిని చాలాచోట్ల పుస్తకాలమ్మాయి అనో యానిమేటర్ అనో అంటారు. ఊళ్లో పదో తరగతి చదివిన కోడలు, కూతురు. మొదట్లో ఆమెకు జీతం సంఘమే ఇవ్వాలని నియమం పెట్టారు, నెలకు పాతికో యాభయ్యో. మనం డబ్బిస్తే మన మాట వింటుంది, సర్కారు ఇస్తే సర్కారు మాట వింటుంది. ఇది ఎంత చిన్న సంగతో అంత లోతైంది. తర్వాతి కాలంలో గౌరవ వేతనం ప్రభుత్వం నుంచి వస్తోంది. ఆమెకు అది న్యాయమే, పనికి తగ్గ కూలి ఇవ్వాల్సిందే. కానీ ఇప్పుడు ఆమె చేతిలో సంఘం పుస్తకంతో పాటు ప్రభుత్వ సర్వేలు, సభలకు జనాన్ని తీసుకురమ్మనే కబుర్లు కూడా ఉన్నాయి. ఎవరి మాట ముందు వినాలో ఆమెనే అడగాలి.

ఈ నియమాలన్నిటినీ అయిదు ముక్కల్లో కుదించి పంచసూత్రాలన్నారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు సరిగ్గా రాయడం. బ్యాంకు అప్పిచ్చే ముందు ఈ అయిదింటికీ మార్కులు వేస్తుంది. ఆస్తి లేదు, హామీ లేదు, తాకట్టు లేదు. నడవడికే తాకట్టు. ఈనాడు సంఘాలకు ఇరవై లక్షల దాకా తాకట్టు లేని అప్పు ఇవ్వొచ్చని 2021లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మూడు వందల అరవైతో మొదలై అక్కడికి చేరింది.

ఇదంతా ఒక సంఘం. 2000లో 'వెలుగు' వచ్చింది, ప్రపంచ బ్యాంకు అప్పుతో, మొదట ఆరు జిల్లాల్లో. అందులో చిత్తూరు ఒకటి. దానికి ముందు 1995-96 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లు మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో నడిపిన పథకంలో సంఘాల మీద సమాఖ్యను కట్టడం అలవాటు చేశారు. వెలుగును నడిపిన సెర్ప్ సంస్థ, అందులో చాలా ఏళ్లు పనిచేసిన టి. విజయ్ కుమార్ వంటి అధికారులు ఆ అనుభవాన్ని రాష్ట్రమంతా పరిచారు. పేర్లు మారాయి: వెలుగు, ఇందిరా క్రాంతి పథం, మళ్లీ వెలుగు, వైఎస్సార్ క్రాంతి పథం, మళ్లీ వెలుగు. మండలాఫీసు బోర్డు రాసే పెయింటరుకు పని తప్పలేదు. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం ఈ ముప్పై ఏళ్లూ డ్వాక్రా అనే అన్నారు.

వెలుగులో నాకు బాగా నచ్చే పని పేదల్ని గుర్తించిన తీరు. ఆఫీసులో రేషన్ కార్డుల జాబితా ముందేసుకుని టిక్కులు పెట్టలేదు. ఊరి నడివీధిలో ముగ్గుపిండితో, రంగులతో ఊరి బొమ్మ గీయించారు. ఏ ఇల్లు ఎక్కడ, ఎవరికి ఎంత భూమి, ఎవరికి ఏమీ లేదు. ముగ్గు వేయడంలో ఆడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, మగవాళ్లే పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది. గీసినాక ఇంటింటినీ నిరుపేద, పేద, మధ్యతరగతి అని వర్గాలు చేశారు. దాన్ని గ్రామసభలో చదివారు. 'ఆ ఇంట్లో ట్రాక్టరుంది గదా, నిరుపేద ఎట్లయితారు' అని జనమే అడిగారు. ఇక్కడా అదే కిటుకు. లెక్క నలుగురి ముందు నేల మీద పడితే అబద్ధానికి చోటు తగ్గుతుంది. ఆ వీధిలో అప్పటిదాకా జాబితాల్లోకి ఎక్కని ఇళ్లు, ఊరి చివర గుడిసెలు, బొమ్మలోకి ముందుగా వచ్చాయి.

ఊళ్లో ఉన్న సంఘాల నుంచి ఇద్దరేసి లీడర్లు కలిస్తే గ్రామైక్య సంఘం. వాటి మీద మండల సమాఖ్య, దాని మీద జిల్లా సమాఖ్య. వీటికి రిజిస్ట్రేషన్ కావాలి, అప్పటికే సరైన చట్టం సిద్ధంగా ఉంది. 1995 ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. 1964 నాటి పాత సహకార చట్టం కింద ప్రభుత్వానికి ఇష్టం లేకపోతే పాలకవర్గాన్ని తీసేసి అధికారిని కూర్చోబెట్టొచ్చు, చాలాసార్లు కూర్చోబెట్టింది కూడా. 1995 చట్టం కింద ప్రభుత్వ వాటాధనం ఉండదు, కాబట్టి ప్రభుత్వ పెత్తనమూ ఉండదు. నియమావళి సభ్యులదే, ఎన్నిక సభ్యులదే. పేద ఆడవాళ్ల సమాఖ్యలు ఈ చట్టం కింద పుట్టడం యాదృచ్ఛికం కాదు. ఏ ప్రభుత్వ ఉద్యోగి చెయ్యి ఎంత దూరం చాపొచ్చో ఒక గీత గీసి పెట్టారు. ఆ గీతను ఉద్యోగులు ఎన్నిసార్లు దాటారన్నది వేరే కథ.

గ్రామైక్య సంఘం ఏం చేసేది? మొదటి రోజుల్లో బియ్యం అప్పు ఇచ్చేది. కూలి కుటుంబం కొట్లో రోజుకు కిలో, రెండు కిలోలు కొంటుంది, చిల్లర ధరకు, తూకం కూడా కొట్టువాడిదే. గ్రామైక్య సంఘం ఏ ఇంటికి నెలకు ఎంత కావాలో రాసుకుని, మొత్తం కూడి, మిల్లు దగ్గర బస్తాల్లెక్కన కొని, ఇంటింటికీ అప్పుగా ఇచ్చి, కంతుల్లో వసూలు చేసుకునేది. బియ్యం చూసి ఒప్పుకునేదీ ఆడవాళ్లే, నూక ఎక్కువుంటే వెనక్కి పంపేదీ వాళ్లే. వానల్లేని నెలల్లో, కూలి దొరకని నెలల్లో ఇది ఎంత ఆసరా అయిందో అనుభవించినవాళ్లకే తెలుసు. పాల కేంద్రాలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు, పురుగుమందు లేని సేద్యం అన్నీ తర్వాత ఈ అరుగు మీదనుంచే బయల్దేరాయి. వాటి గురించి ఇంకెవరైనా రాయాలి.

ఇక వడ్డీ రాయితీ. 2004లో పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు శాతం. బ్యాంకు పన్నెండు శాతం వేస్తే, అప్పు నిల్వ లక్ష ఉన్న నెలలో వడ్డీ వెయ్యి. అందులో 250 సంఘానిది, మిగతా 750 ప్రభుత్వం భరించేది. దీంట్లో నేను మెచ్చుకునేది ఆ 750 కాదు, అది ఇచ్చిన పద్ధతి. సంఘం ముందు మొత్తం వడ్డీ బ్యాంకుకు కట్టాలి, ఏ నెలా తప్పకుండా కట్టాలి. అప్పుడు రాయితీ సంఘం ఖాతాలోకి తిరిగొస్తుంది. కంతు తప్పినవాళ్లకు లేదు. అంటే ప్రభుత్వం డబ్బిచ్చి కూడా పంచసూత్రాల్లో నాలుగోదాన్ని బిగించింది. 2012 నుంచి వడ్డీ మొత్తం లేకుండా చేసినప్పుడు కూడా ఈ మెలిక అలాగే ఉంచారు.

ఆ మెలికను విప్పింది ఎన్నికలు. 2014లో డ్వాక్రా రుణాల మాఫీ హామీ వచ్చింది. మాఫీ వస్తుందని కట్టకుండా ఆగిన సంఘాలు చాలా. ఆగినందుకు వడ్డీ రాయితీ పోయింది, బకాయి పెరిగింది, బ్యాంకు మార్కులు తగ్గించింది. తర్వాత వచ్చిన సాయం తలకు పదివేలు, అదీ విడతల్లో. 2019 తర్వాతి ప్రభుత్వం 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బకాయిని నాలుగు విడతల్లో ఇచ్చింది. ఇచ్చినది ఎంతైనా, ఎవరిచ్చినా, ఆడవాళ్ల చేతికి డబ్బు చేరితే నాకు సంతోషమే. కానీ ఇరవై ఏళ్లు ఓపిగ్గా కూర్చిన ఒక కీలును ఎన్నికల ఉపన్యాసంలో ఒక్క వాక్యం వదులు చేసింది. కట్టినవాళ్లే వెర్రివాళ్లమా అని సంఘంలో సభ్యురాలు అడిగితే లీడరు దగ్గర జవాబు లేకుండా పోయింది. ఆ మాట సంఘాన్ని తొలిచినంతగా కరువు కూడా తొలవలేదు.

అంతకుముందే 2010లో మరో రకం దెబ్బ తగిలింది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇదే సంఘాల్ని పట్టుకుని, వలయంగా కూర్చునే పద్ధతినీ ఒకరికొకరు పూచీ ఉండే పద్ధతినీ అరువు తెచ్చుకున్నాయి. కానీ పొదుపు లేదు, సొంత నిధి లేదు, వారం వారం వసూలు. పైపైన చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఒక దాంట్లో పూచీ ఆదుకోవడానికి, రెండో దాంట్లో నలుగురూ కలిసి ఒకామె గుమ్మం ముందు కూర్చోవడానికి. అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టరు కావాలి, వారపు వసూళ్లు లేవు, అసలుకు మించి వడ్డీ లేదు, వసూలు ఇంటి గుమ్మం దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు వంటి అందరికీ కనబడే చోటే. ఆ చివరి నియమం రాసినవాళ్లెవరో గానీ సంఘం పనితనం తెలిసినవాళ్లే. డబ్బు వ్యవహారాన్ని వీధిలోకి తీసుకొచ్చారు.

2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ దేశమంతా మొదలైంది. దాని నమూనాలో పెద్ద భాగం మన పల్లెలది. నేర్పడానికి వెళ్లినవాళ్లు కూడా మన పల్లెల ఆడవాళ్లే, సీఆర్పీలంటారు. అయిదుగురి జట్టు, అందులో ముగ్గురు సంఘం నడిపినవాళ్లు, ఇద్దరు పుస్తకాలు రాసేవాళ్లు. ఊరికి పదిహేను రోజుల చొప్పున నలభై అయిదు రోజులు బీహారులోనో మరో రాష్ట్రంలోనో ఉండి సంఘాలు పెట్టించి వచ్చేవారు. హిందీ రాదు, తిండి పడదు, చలి. ఉపన్యాసం ఇవ్వడానికి భాష చాలదు కాబట్టి చేసి చూపించారు: చాప పరిచారు, వలయంగా కూర్చోబెట్టారు, మధ్యలో డబ్బు పెట్టి లెక్కించారు, పుస్తకం రాసి చదివించారు. తన అప్పు ఎంత, ఎలా తీర్చింది, కూతుర్ని ఏం చదివించింది అని చెప్పుకున్నారు. ఒక ఐఏఎస్ అధికారి పది పవర్‌పాయింట్లలో చెప్పలేనిది ఒక చిత్తూరు కోడలు చెప్పగలగడానికి కారణం, ఆ పనిముట్టు ఆమె చేతిలో అరిగి నునుపెక్కడమే.

సత్యవేడు వైపు ఇప్పుడు తెల్లారకముందే రోడ్డు మీద కంపెనీ బస్సులు కనిపిస్తాయి. 2015 నుంచి శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే పనిలో వేలమంది ఆడపిల్లలు చేరారు. నెల జీతం నేరుగా వాళ్ల ఖాతాలో పడుతుంది. అమ్మ నెలకు ముప్పై రూపాయలు దాచడానికి నేర్చుకున్న విద్య కూతురికి అవసరమా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. షిఫ్టులో పనిచేసే పిల్ల పదిహేను రోజులకొకసారి మధ్యాహ్నం సమావేశానికి ఎలా వస్తుంది? సంఘాల కోసం పెట్టిన స్త్రీనిధి నుంచి నలభై ఎనిమిది గంటల్లో అప్పు వస్తుంటే, కంతు ఫోన్లోనే పోతుంటే, పుస్తకం చదివి వినిపించేదెవరికి? కొన్ని సంఘాల్లో ఇప్పటికే హాజరు పట్టీ ముందు నిండుతుంది, మనుషులు తర్వాత వస్తారు, రానివాళ్ల సంతకాలు కూడా ఉంటాయి. ఫోను తెర మీద అంకెలు తప్పు లేకుండా ఉంటాయి, నిజమే. కానీ 'ఇరవై అని చదవతాండావే' అని అడగడానికి అక్కడెవరూ కూర్చుని ఉండరు. కొత్త యాప్ తయారుచేసేవాళ్లు పాత సంఘంలో ఒక పూట కూర్చుంటే బాగుంటుంది. లెక్క పైకి చదివేచోటు ఒకటి అందులో పెట్టాలన్న ఆలోచన వాళ్లకు రావొచ్చు. సమావేశాన్ని ఆదివారం సాయంత్రానికి మార్చుకోవడం మాత్రం ఏ జీవోకూ ఎదురుచూడక్కర్లేని పని, తీర్మానం పుస్తకంలో ఒక పంక్తి చాలు.